ఎవరూ లేపని యార్డు

గాజువాకలో మా యార్డు గేటు పక్కన ఒక టీ బడ్డీ ఉంది. హెవీ లైసెన్సు కొత్తగా చేతికొచ్చినవాళ్ళు అక్కడికి వస్తుంటారు. గ్లాసు పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూస్తారు. చివరికి నా దగ్గరికొచ్చి అడుగుతారు.

"అన్నా, ఎక్కడుంటే బాగుంటాదంటావ్? పోర్టు సైడా, స్టీలు ప్లాంటు సైడా, లేపోతే హైవే మీద ఎక్కడైనానా?"

అడగాల్సిన ప్రశ్నే. బయటివాళ్ళకి లారీ అంటే తిరిగేది. మాకు అది నిలబడేది కూడా. ఏ యార్డులో నిలబడితే అక్కడే స్నానం, అక్కడే తిండి, అక్కడే నిద్ర. పెళ్ళి సంబంధం చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలి.

"ఇంటికి దగ్గరున్న సోటు సూసుకో," అంటాను. "నిద్దర బాగా పడతాదని ఎవడైనా పిలిస్తే మాత్రం ఆ సోటుకి ఎల్లకు."

తమాషాకి అన్నాననుకుని నవ్వుతారు. నేనూ నవ్వేసి గ్లాసు ఖాళీ చేస్తాను. అంతకు మించి ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ శ్రీసత్యకి కూడా సగమే చెప్పాను.

నేనూ దొరబాబూ ఒకేసారి లైసెన్సు తీసుకున్నాం. అంతకుముందు నేను గాజువాక, కూర్మన్నపాలెం మధ్య షేర్ ఆటో తిప్పేవాణ్ణి. దొరబాబుది జాలరిపేట. వాళ్ళ నాన్నతో బోటు మీద కొన్నేళ్ళు వేటకెళ్ళాడు. "సముద్దరం మీద నిద్దర పట్టదు బావా, కడుపులో నీళ్ళు కదుల్తానే ఉంటాయి," అని బోటు వదిలేశాడు. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. డ్రైవింగు స్కూలు గ్రౌండులో పరిచయం. వారం తిరక్కుండానే బావా అంటే బావా అనుకున్నాం. మనిషి గడగడా మాట్లాడతాడు, సగం మాటలు మింగేస్తాడు. ఫోనెత్తితే హలో కూడా అనడు, నేరుగా విషయంలోకి వచ్చేస్తాడు.

మా ఇద్దరికీ కృష్ణంరాజుగారు పని ఇచ్చారు. ఆటోనగర్‌లో టైర్ల షాపు మేడ మీద ఆయన ఆఫీసు.

"చూడు ఎల్లారావ్, చూడు దొరబాబూ," అన్నారు. "నాకు పోర్టు దగ్గరా బళ్ళున్నాయి, ప్లాంటు దగ్గరా ఉన్నాయి. నేను బలవంతంగా వేస్తే ఆర్నెల్లకి పారిపోతారు. ఒకడు పోర్టులో, ఒకడు ప్లాంటులో ఒక నెల చేసి చూడండి. ఆ తర్వాత ఎక్కడుంటారో మీరే చెప్పండి."

పోర్టు నాకు వచ్చింది. ప్లాంటు సైడు ట్రైలర్ దొరబాబుకి వెళ్ళింది.

పోర్టులో బండి నడిపేది తక్కువ, నిలబెట్టేది ఎక్కువ. బొగ్గో ఎరువో ఎత్తించుకోవడానికి లైన్లో ఉండాలి. ముందున్న లారీ ఒక లారీ పొడుగు జరుగుతుంది. మనం జరక్కపోతే వెనక నుంచి హారన్లు. స్టీరింగు మీద తల పెడితే చాలు, ఎవరో ఒకరు తలుపు మీద కొడతారు. కునుకు పడుతుంది, తెగుతుంది. మళ్ళీ పడుతుంది, మళ్ళీ తెగుతుంది. కొన్నాళ్ళకి నేను నిద్రపోతున్నానో మెలకువగా ఉన్నానో నాకే తెలిసేది కాదు. ఇంటికెళ్ళి స్నానం చేస్తే నల్లనీళ్ళు కారేవి. నోట్లో ముద్ద పెట్టుకుని నమలడం మర్చిపోతే శ్రీసత్య భుజం పట్టి కుదిపేది.

ఒకరోజు లైన్లో కాలు బ్రేకు మీంచి జారింది. బండి ముందుకెళ్ళి ముందు లారీకి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ ఆ రెండు లారీల మధ్య నుంచి లోడెత్తే కళాసీ ఒకడు అప్పుడే దాటి వెళ్ళాడు. అతని తువ్వాలు అంచు బంపర్ల మధ్య నలిగి చిరిగింది. అతను వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

అక్కడ మా బళ్ళు చూసుకునే మనిషి నజీర్ అహ్మద్. విశాఖలో పాత ఊరివాడు, నెమ్మదస్తుడు. ఆ సాయంత్రం నన్ను పక్కకి పిలిచి టీ ఇప్పించాడు.

"నీకు ఈ చోటు పడదు బేటా. కొందరికి పడుతుంది, కొందరికి పడదు. తప్పేం లేదు. నిద్ర వచ్చే చోటు చూసుకో."

ఆ మర్నాడే మొదటి ఫోను వచ్చింది.

మధ్యాహ్నం. మబ్బు పట్టి ఉంది. లైన్లో ఉన్నాను. ఫోన్లో దొరబాబు పేరు పడింది.

"హలో... బావా," అన్నాడు. "ఎలాగున్నావు?"

"సావలేక బతుకుతున్నాను. నువ్వెక్కడ?"

"నాను ప్లాంటు మానేసినాను బావా. భోగాపురం కాడ ఒక యార్డుంది. అక్కడికొచ్చీసినాను."

"ఎవరిదా యార్డు?"

ఎవరిదో వదిలేసి, యార్డు ఎలా ఉంటుందో ఎత్తుకున్నాడు. మెల్లగా, ఒక్కొక్క మాటా పేర్చినట్టు చెప్పుకుపోయాడు. పెద్ద రేకుల షెడ్డు ఉందట. నులక మంచాలు, ఉతికిన దుప్పట్లు. హారన్లు లేవు, లైన్లు లేవు.

"ఇక్కడ ఎవడూ లేపడు బావా. నిద్దర బాగా పడతాది. ఒచ్చీ."

వెనకాల హారన్లు మోగాయి. బండి ముందుకి జరిపి చూసేసరికి ఫోను కట్టయింది. తిరిగి చేస్తే అందుబాటులో లేడంది. రాయపూర్ లోడు మీద సాలూరు ఘాట్ రోడ్డులో ఉంటే సిగ్నల్ అందక అలాగే అంటుంది. అప్పుడు నాకు ఇంకో అనుమానం రావాల్సింది. ప్లాంటు మానేసినవాడు ఘాట్ రోడ్డులో ఎందుకుంటాడని. రాలేదు. ఒళ్ళు అలిసిపోతే బుర్ర ముందు పడుకుంటుంది.

ఆ తర్వాత కూడా ఫోన్లు వచ్చాయి. అన్నీ ఒకలాగే. అదే నిదానం. అతని వెనక ఏ చప్పుడూ ఉండేది కాదు. లారీ యార్డు నుంచి మాట్లాడే మనిషి వెనక ఏదో ఒకటి మోగుతూ ఉంటుంది. ఇంజనో, రేడియోనో, ఎవడో ఎవణ్ణో తిట్టుకోవడమో. ఇక్కడ ఏమీ లేదు. ఒకసారి భోంచేస్తూ స్పీకర్లో పెట్టాను. శ్రీసత్య వింది.

"అన్నయ్య గొంతే," అంది. "గానీ ఏటలా మాట్లాడతన్నాడు? ఒంట్లో బాగోలేదేటి?"

"నిద్దర బాగా పడుతోందంట. అందుకే," అన్నాను.

నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళుగా ఉంది.

కార్తీకమాసం చివర్లో వాయుగుండం పట్టింది. మూడ్రోజులు ముసురు. ఎరువుల బస్తాలు రణస్థలం గోడౌన్‌కి వేశారు నాకు. వానలో దించకూడదు, పైన కప్పిన టార్పాలిన్ పట్టా తియ్యకూడదు అని అక్కడ ఆపేశారు. రెండు రాత్రులు కేబిన్‌లోనే కూర్చున్నాను. పైన వాన, కింద దోమలు. బస్తాలు దించేసరికి మూడోరోజు మధ్యాహ్నం దాటింది. ఖాళీ బండితో విశాఖపట్నం వైపు బయల్దేరాను.

వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. వాటిని చూస్తుంటే కళ్ళు మూతలు పడుతున్నాయి. అద్దం దించి వాన మొహాన కొట్టించుకున్నాను. పాట పాడుకున్నాను. బుగ్గ లోపల కొరుక్కున్నాను. పైడిభీమవరం ఎప్పుడు దాటానో తెలీదు.

భోగాపురం దాటుతుంటే ఫోను మోగింది.

"ఎడం పక్క సరుగుడు తోటలొస్తాయి బావా. మద్దెలో మట్టి రోడ్డు. తిప్పీ."

నేను అటు వస్తున్నట్టు అతనికి చెప్పలేదు. అయినా తిప్పేశాను.

మట్టి రోడ్డు సముద్రం వైపు దిగింది. రెండు పక్కలా సరుగుడు చెట్లు గాలికి ఒకటే హోరు. సాయంత్రం ఐదు కూడా కాలేదేమో, కానీ మబ్బుకి దీపాలు పెట్టే వేళలా ఉంది. కొంతదూరం వెళ్ళాక చెట్లు విడిపోయి ఖాళీ జాగా వచ్చింది. లారీలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒరిస్సా నంబర్లు, తమిళనాడు నంబర్లు, మనవీ ఉన్నాయి. వాటి వెనక పొడుగాటి రేకుల షెడ్డు.

ఇంజను ఆపి దిగాను. దొరబాబు ట్రైలర్ ఎక్కడా కనిపించలేదు. బయట వాననీళ్ళు, తడి మట్టి వాసన, దూరంగా ఉప్పుగాలి. లారీల మధ్య నుంచి నడుస్తుంటే ఏదో తేడాగా ఉంది. ఏమిటో వెంటనే అందలేదు. షెడ్డు దగ్గరికి వెళ్ళాక అర్థమైంది.

అన్ని లారీలున్న చోట డీజిల్ వాసన లేదు.

షెడ్డుకి గోడలు లేవు. ఇనప గుంజల మీద రేకులు. రేకుల మీద వాన మోత. కింద నులక మంచాలు, రెండు వరసలు. ప్రతి మంచం మీదా ఒక మనిషి. అందరూ తల మీదకి తెల్ల దుప్పటి లాక్కుని, కాళ్ళు కూడా కనబడకుండా కప్పుకుని పడుకున్నారు. చివర్లో పక్కపక్కనే రెండు మంచాలు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద దుప్పట్లు మడత పెట్టి ఉన్నాయి.

"దొరబాబూ," అని పిలిచాను.

ఎవరూ కదల్లేదు. లేపుదామంటే మనసొప్పలేదు. నిద్రపోయే డ్రైవర్ని లేపడం ఎంత పాపమో నాకంటే తెలిసినవాడెవడు?

ఖాళీ మంచం మీద కూర్చున్నాను. అతను వచ్చేదాకా కాసేపు నడుం వాల్చుదామనుకున్నాను. నులక వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు ఉంది. నడుం దానంతటదే వంగుతోంది. ఎన్నాళ్ళ నుంచో ఆకలితో ఉన్నవాడి ముందు విస్తరి వేసినట్టుంది. దుప్పటి మడత మీద చెయ్యి వేశాను...

అప్పుడు తట్టింది. ఇంతమంది డ్రైవర్లు పడుకున్నారు. ఒక్కడూ గురక పెట్టడం లేదు.

నేను పోర్టులో, యార్డుల్లో డ్రైవర్ల మధ్య పడుకున్నవాణ్ణి. పదిమంది చేరితే పిండిమర నడిచినట్టుంటుంది. ఇక్కడ గురక లేదు. దగ్గు లేదు. ఒక్కరు పక్కకి ఒత్తిగిల్లడం లేదు. దుప్పట్ల కింద పొట్టలు లేచి పడుతున్నాయేమోనని చూశాను. వాన చీకట్లో సరిగా కనబడలేదు. కనబడలేదనే అనుకున్నాను.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అంతలో లైట్లు పడ్డాయి. మట్టి రోడ్డు మీంచి ట్రైలర్ ఒకటి ఊగుతూ వచ్చి ఆగింది. దొరబాబు దిగాడు. తల మీద గోనెసంచి వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏటి బావా నువ్వు! ఇన్నాళ్ళ నించీ పిలిసి పిలిసి సంపేస్తన్నావు. రాయపూర్ నించొత్తా విజయనగరం కాడ ఇటు తిప్పినాను తెలుసా? రాజుగారికి తెలిస్తే తోలు తీసేత్తాడు. సెప్పు, ఏదీ నీ మంచం?"

అదీ దొరబాబు అంటే. ఊపిరి తీసుకోకుండా గడగడా.

"నాను పిలవడమేటి?" అన్నాను. "నువ్వే కదా రమ్మన్నావు."

"నానా?"

"ప్లాంటు మానేసి ఇక్కడికొచ్చీసినానన్నావు."

దొరబాబు గోనెసంచి దించాడు. మొహం మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎటకారాలాపు బావా. పోర్టు మానేసి ఇక్కడికొచ్చీసినానని నువ్వన్నావు. నీ పేరే పడింది ఫోన్లో. నీ గొంతే. నాకు తెలీదేటి నీ గొంతు?"

"ఏటన్నాను?"

మంచాల వరసల వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఇక్కడ ఎవడూ లేపడు బావా... అన్నావు."

రేకుల మీద వాన పెద్దదయింది. మా ఇద్దర్నీ ఎవరో వింటున్నట్టు అనిపించింది. విని నవ్వుకుంటున్నట్టు కూడా కాదు. ఓపిగ్గా ఎదురుచూస్తున్నట్టు.

"ఎల్లిపోదాం," అన్నాను.

"ఎల్దాం." అని మంచం మీద కూలబడ్డాడు. "ఒక్క రవ్వ సేపు బావా. ఘాటీ దిగినకాడ్నించి రోడ్డు రెండుగా కనబడతంది. ఇప్పుడు స్టీరింగు పట్టుకుంటే ఎవడ్నో ఒకడ్ని తొక్కీసేలాగున్నాను."

ఆ మాటకి నాకు ఆ కళాసీ చూపు గుర్తొచ్చింది. కాదనలేకపోయాను.

"కూకో. పడుకోకు. నాను బండి రోడ్డు కేసి తిప్పి ఒత్తాను. తర్వాత నీ ట్రైలర్ తిప్పుదాం."

"పడుకోన్లే," అన్నాడు.

వానలోకి పరిగెత్తాను. బురదలో బండి తిప్పడానికి కాస్త టైము పట్టింది. వెనక టైర్లు జారుతున్నాయి. అద్దంలో షెడ్డు మసకగా కనబడుతూనే ఉంది. బండి రోడ్డు కేసి నిలబెట్టి, లైట్లు అలాగే ఉంచి తిరిగొచ్చాను.

దొరబాబు కూర్చుని లేడు.

చివర్లో ఉన్న రెండు మంచాలూ నిండిపోయి ఉన్నాయి. రెండింటి మీదా ఒక్కొక్క మనిషి. తల మీదకి తెల్ల దుప్పటి. కాళ్ళు కనబడటం లేదు.

నేను వదిలి వెళ్ళింది ఒక్కణ్ణే.

దగ్గరికి వెళ్ళాను. నేల మీద దొరబాబు చెప్పులు ఉన్నాయి. నీలం రంగువి. ఒకటి ఈ మంచం కింద. ఒకటి ఆ మంచం కింద.

"దొరబాబూ..." గుసగుసగా పిలిచాను.

"ఊఁ," అన్నాడు.

రెండు మంచాల మీంచీ.

గుంజ పట్టుకుని నిలబడ్డాను. పొరపాటు విన్నానేమో. రేకుల చప్పుడేమో.

"బావా... నానే. లెగు."

"ఒత్తన్నాను..."

ఒకే గొంతు. ఒకేసారి. ఈ పక్క నుంచీ, ఆ పక్క నుంచీ.

ఇక ఆలోచించలేదు. ఆలోచిస్తే అక్కడే ఉండిపోయేవాణ్ణి. దగ్గరగా ఉన్న మంచం మీద దుప్పటి పట్టుకుని లాగేశాను. దొరబాబు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. మొహం ప్రశాంతంగా ఉంది. చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. చెంప మీద కొట్టాను. ఇంకోటి కొట్టాను. కళ్ళు తెరిచాడు. దేవుడా అనుకుని రెక్క పట్టి లేపుతుంటే, వెనక మంచం మీంచి, దుప్పటి కింద నుంచి, నిద్రమత్తులో ఉన్న గొంతు...

"బావా... ఎవర్ని లేపతన్నావు?"

నేను వెనక్కి తిరిగి చూడలేదు.

చూడలేదు. చూసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. లేపిన మనిషిని లాక్కుంటూ వానలోకి పరిగెత్తాను. వరసల్లో దుప్పట్లు కదిలినట్టు అనిపించింది. ఒకదాని తర్వాత ఒకటి, గాలికి కదిలినట్టు. ట్రైలర్ దగ్గర అతణ్ణి కేబిన్‌లోకి తోశాను. "నడపగలవా?" అని అరిచాను. తలూపాడు. నా లారీ దగ్గరికి ఎలా చేరానో తెలీదు. అద్దంలో చూస్తే ట్రైలర్ అంత పొడుగు బండీ ఒక్కసారిలో, ఎక్కడా తడబడకుండా తిరిగి నా వెనక్కి వచ్చేసింది.

తగరపువలస సెంటర్లో ఆపాం. కూరల బళ్ళు, గొడుగులు, బస్సు కోసం నిలబడ్డ జనం. ఆ గోల వింటే ఏడుపొచ్చింది. టీ చెప్పాను. నా గ్లాసులోది సగం ఒలికిపోయింది. దొరబాబు గ్లాసులోంచి చుక్క ఒలకలేదు. నింపాదిగా తాగాడు.

"బాగా పట్టింది బావా నిద్దర," అన్నాడు.

ఇంకేమీ అడగలేదు. అక్కడ ఎవరున్నారని గానీ, ఎందుకు లాక్కొచ్చావని గానీ, ఆ ఫోన్లు ఎవరు చేశారని గానీ. చెప్పుల్లేకుండా వచ్చేశాడు. కాళ్ళ కేసి కూడా చూసుకోలేదు. నేనే ఫుట్‌పాత్ మీద ఒక జత కొనిచ్చాను.

ఫోన్లు ఆగిపోయాయి. నెల తిరిగాక రాజుగారి దగ్గరికి వెళ్ళి ప్లాంటు సైడు, ఈ గాజువాక యార్డే అని చెప్పాను. పిల్లల బడి దగ్గర అన్నాను. దొరబాబు కూడా గాజువాకే అన్నాడు. వాళ్ళావిడ ధనశ్రీనీ, పాపనీ తీసుకొచ్చి మా వీధి వెనకే ఇల్లు తీసుకున్నాడు.

గాజువాకలోనూ అలసట తక్కువేం కాదు. రాడ్లు వేసుకుని రాయపూర్, కాయిల్స్ వేసుకుని హైదరాబాద్. వచ్చి పడుకుంటే మంచంలోంచి లేవబుద్ధి కాదు. కానీ అది మామూలు అలసట. దానికి నిద్ర వస్తుంది, తెల్లారితే తగ్గుతుంది.

దొరబాబుకి ఆ అలసట కూడా లేదు. రాయపూర్ వెళ్ళొచ్చి అదే పూట మళ్ళీ బండెక్కగలడు. ఆవలించడు. టీ అడగడు, ఇస్తే తాగుతాడు. అందరూ మెచ్చుకుంటారు. రాజుగారైతే కొత్తవాళ్ళకి అతణ్ణే చూపిస్తారు. మాట కూడా నిదానించింది. మాటలు మింగడం లేదు. "పెద్దరికం వచ్చింది," అంటారు యార్డులో.

నేను పట్టుకున్న చెయ్యి వెచ్చగా ఉంది కదా అనుకుంటాను. ఆ మొహం అతని మొహమే కదా అనుకుంటాను. మంచం మీద ఉన్నది ఒకడో ఇద్దరో, నిద్రలేని కళ్ళకి ఏది నిజమో ఎవరు చెప్పగలరు? ఒకసారి శ్రీకాకుళం లోడు మీద ఆ రోడ్డునే వెళ్ళాల్సి వచ్చింది. సరుగుడు తోటలు వచ్చాయి. మట్టి రోడ్డు అక్కడే ఉంది. అద్దాలు ఎత్తేసి, గేరు మార్చి, ముందుకి పోయాను. ఆ తర్వాత ఆ వైపు లోడు ఒప్పుకోలేదు.

మొన్న చైత్రంలో రాజుగారు కొత్త ట్రైలర్ కొన్నారు. నాగపూర్ లైను. ఒక్క డ్రైవరు చాలడు.

"నువ్వూ దొరబాబూ వెళ్ళండి," అన్నారు. "స్నేహితులు కదా. ఒకడు నడుపుతుంటే ఒకడు వెనక పడుకోవచ్చు."

కాదనడానికి నా దగ్గర కారణం లేదు. ఉన్న కారణం చెప్పేది కాదు.

బయల్దేరే రోజు సాయంత్రం ఇంకా ఎండ ఉంది. వాన పడి రెండు నెలలైంది. యార్డంతా దుమ్ము. దొరబాబు అప్పటికే కేబిన్ ఎక్కి అద్దం తుడుస్తున్నాడు. గేటు దగ్గర ధనశ్రీ నిలబడి ఉంది, చేతిలో క్యారేజీ. నన్ను చూసి పక్కకి రమ్మన్నట్టు తలూపింది. మనిషి చిక్కిపోయింది.

"అన్నయ్యా, ఒక మాట. నవ్వకూడదు."

"సెప్పమ్మా."

కేబిన్ వైపు ఒకసారి చూసింది. గొంతు బాగా తగ్గించింది.

"నిన్న మద్దేనం ఆయన పడుకున్నారు. పాప ఎల్లి మీద ఎక్కి పడుకుంది, గుండెల మీద సెవి పెట్టి. ఎంతసేపటికీ లెగదు. ఏటమ్మా సేత్తన్నావు అన్నాను. నాన్న లోపల వాన పడతంది అమ్మా అంది. రేకుల మీద పడినట్టు పడతంది అంది."

"సిన్నపిల్ల..." అన్నాను.

"నానూ అలాగే అనుకున్నాను," అంది ధనశ్రీ. క్యారేజీ నా చేతిలో పెట్టింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. "రాత్రి ఆయన పడుకున్నాక నానూ సెవి పెట్టి విన్నాను అన్నయ్యా. వానే."

ఇంకా ఏదో చెప్పబోయింది. కేబిన్‌లోంచి దొరబాబు హారన్ కొట్టాడు, ఒక్కసారి, మెల్లగా. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి గబగబా వెళ్ళిపోయింది.